అమ్మ నిద్రమాత్రలు ఒక్కసారిగా ఆపేశాను, మూడో రోజుకి ఇలా అయింది. ఏం చెయ్యాలి?

తెనాలి_అబ్బాయి · శనివారం, రాత్రి 9.40

అందరికీ నమస్కారం. ఇక్కడ చదవడమే గానీ రాయడం ఇదే మొదటిసారి. కంగారులో రాస్తున్నాను, తప్పులుంటే సర్దుకోండి.

అమ్మకు 68. నాన్న పోయి ఆరేళ్ళు. అప్పట్లో నిద్ర పట్టడం లేదంటే ఊళ్ళో డాక్టరుగారు ఆల్ప్రాజోలం 0.25 రాత్రిపూట రాశారు. చీటీ మీద పదిహేను రోజులకే ఉంది. ఆ చీటీ ఇప్పటికీ బీరువాలో ఉంది, మడతల దగ్గర చిరిగిపోయి. ఆరేళ్ళుగా దాన్ని చూపించే మాత్రలు తెచ్చుకుంటోంది. మధ్యలో 0.25 కాస్తా 0.5 అయింది. రాత్రి ఒకటి కాస్తా పొద్దున ఒకటి, రాత్రి ఒకటి అయింది. ఎవరు పెంచారంటే అమ్మకే గుర్తులేదు.

పోయిన వారం తెల్లవారుజామున బాత్రూమ్‌కి వెళ్తూ పడింది. ఎముక విరగలేదు గానీ కంటి పక్కన నాలుగు కుట్లు పడ్డాయి. నేను పూణే నుంచి వచ్చి చూస్తే మనిషి తూలుతోంది, మాట ముద్దగా వస్తోంది, చెప్పిందే మళ్ళీ చెబుతోంది. నాకు కోపం వచ్చి బుధవారం సాయంత్రం ఆ మాత్రలన్నీ తీసి పారేశాను.

ఇవాళ శనివారం. బుధవారం రాత్రి నుంచి కంటిమీద కునుకు లేదు. చేతులు వణుకుతున్నాయి, చీర తడిసేంత చెమట. ఇందాక గోడమీద చీమలు బారులు కట్టాయి, చీపురు తెమ్మంది. గోడమీద ఏమీ లేదు. పక్కింటావిడ గాలి సోకింది అంటోంది. మా బావేమో మందు మానేస్తే మొదట్లో ఇంతే, రెండు రోజులు ఓర్చుకుంటే పోతుంది అంటున్నాడు. ఓర్చుకోమనాలా?

---

వార్డు_నర్సమ్మ · శనివారం, రాత్రి 9.52

ఓర్చుకోమనకు బాబూ. ఇది చదవగానే అమ్మను ఆసుపత్రికి తీసుకెళ్ళు. 108కి ఫోన్ చెయ్యి, లేదా చేతికందిన బండి ఎక్కించు. పొద్దున చూద్దాం అనుకోవద్దు.

ఇరవై ఆరేళ్ళు వార్డుల్లో చేసి రిటైరయ్యాను. ఏళ్ళ తరబడి ఆల్ప్రాజోలం వేసుకున్న మనిషికి ఒక్కసారిగా ఆపితే ఒకటి రెండు రోజుల్లోనే మొదలవుతుంది. వణుకు, చెమట, గుండెదడ, లేనివి కనిపించడం. దీని తర్వాతి మెట్టు ఫిట్స్. అది ప్రాణం మీదికి రావచ్చు.

ఆసుపత్రిలో నీ నోటి నుంచి రావాల్సిన మొదటి మాట ఇది: "ఆరేళ్ళుగా రోజుకి మొత్తం ఒక ఎంజీ ఆల్ప్రాజోలం వేసుకుంటోంది, బుధవారం నుంచి పూర్తిగా ఆపేశాం." పడింది, కుట్లు పడ్డాయి అని మొదలుపెట్టావంటే అందరి దృష్టీ తల మీదికే పోతుంది. అదీ చూడాల్సిందే, కానీ ఇది ముందు తెలియాలి. ఖాళీ స్ట్రిప్పు చెత్తబుట్టలో ఉన్నా సరే తీసి పట్టుకెళ్ళు.

---

మందులకొట్టు · శనివారం, రాత్రి 9.58

నర్సమ్మగారు చెప్పిందే. బయల్దేరండి. దారిలో ఫిట్స్ వస్తే పక్కకి తిప్పి పడుకోబెట్టండి. నోట్లో చెంచాలు కుక్కొద్దు, చేతిలో తాళాలు పెట్టొద్దు, నీళ్ళు పట్టించొద్దు. ఇంట్లో ఉన్న మిగతా మందులన్నీ, అన్నీ అంటే అన్నీ, గ్యాస్ మాత్రతో సహా ఒక సంచీలో వేసి తీసుకెళ్ళండి.

---

తెనాలి_అబ్బాయి · ఆదివారం, తెల్లవారుజాము 3.20

గుంటూరు వచ్చాం. ఇంజెక్షన్ ఇచ్చారు. గంట తర్వాత వణుకు తగ్గింది, ఇప్పుడు పడుకుంది. తలకి స్కాన్ కూడా తీశారు, రక్తం గడ్డకట్టలేదన్నారు. డ్యూటీ డాక్టరు చిన్నమ్మాయి, నా చెల్లెలి వయసు ఉంటుంది. "మాత్ర ఆపాలన్న ఆలోచన మంచిదే సార్, ఆపిన పద్ధతే తప్పు" అంది. పొద్దున సైకియాట్రిస్టు చూస్తారట. అదే మాత్రను మళ్ళీ మొదలుపెడతారంట! ఏ మాత్రనైతే నేను పారేశానో దాన్నే. ఇదేం వైద్యమో నాకు అర్థం కావడం లేదు.

---

వార్డు_నర్సమ్మ · ఆదివారం, ఉదయం 6.05

హమ్మయ్య. రాత్రంతా ఫోన్ పక్కనే పెట్టుకుని పడుకున్నాను.

అర్థం కాకపోవడం సహజమే. మన మెదడులో గాబా అని ఒక రసాయనం ఉంటుంది. నరాల హడావుడిని అణచడం దాని పని. ఈ మాత్ర ఆ గాబాకు బలం ఇస్తుంది. ఏళ్ళ తరబడి బయటి నుంచి బలం అందుతుంటే మెదడు తన సొంత బ్రేకును వదులు చేసేసుకుంటుంది. ఉన్నట్టుండి మాత్ర తీసేస్తే ఆ బ్రేకు కూడా ఉండదు, బండి ఘాట్ రోడ్డులో దిగుతుంటుంది. అందుకే ముందు మాత్రను తిరిగి ఇచ్చి నిలబెడతారు. ఆ తర్వాత మెదడు తన బ్రేకు తాను బిగించుకునేంత నిదానంగా తగ్గిస్తారు. వారాలు కాదు, నెలలు పడుతుంది.

---

తెనాలి_అబ్బాయి · సోమవారం, సాయంత్రం 5.30

అమ్మ నయం. మాట తేటగా ఉంది. చీమల సంగతి అడిగితే సిగ్గుపడుతోంది.

మందులకొట్టు గారూ, మీరు సంచీ తెమ్మన్నారుగా. అందులో ఉన్నవి ఇవి, మందు పేర్లు స్ట్రిప్పుల వెనక చూసి రాస్తున్నాను: మెట్‌ఫార్మిన్, ఆమ్లోడిపిన్, అరికాళ్ళ మంటలకు ప్రీగాబాలిన్ ఉన్న క్యాప్సూల్, తుమ్ములకు లెవోసెట్రిజిన్ (ఇది రోజూ వేసుకుంటోందట!), గ్యాస్‌కి ఒక మాత్ర. దాని మీద క్లోర్‌డయాజెపాక్సైడ్, క్లిడినియం, డైసైక్లోమిన్ అని మూడు పేర్లు ఉన్నాయి. ఇక ఆల్ప్రాజోలం.

---

మందులకొట్టు · సోమవారం, రాత్రి 8.15

మీ అమ్మగారి సంచీలో మత్తు ఇచ్చే మందు ఒకటి కాదండీ, నాలుగు.

గ్యాస్ మాత్ర అంటున్నారే, అందులోని క్లోర్‌డయాజెపాక్సైడ్ కూడా ఆల్ప్రాజోలం కుటుంబంలోదే. నిజానికి ఆ కుటుంబానికి పెద్దన్న. 1960లో లిబ్రియం పేరుతో మొదట మార్కెట్లోకి వచ్చింది అదే. కనిపెట్టిన లియో స్టెర్న్‌బాక్ అనే ఆయనే తర్వాత వాలియం కూడా చేశాడు, అది 1963లో వచ్చింది. అంతకుముందు వాడిన బార్బిట్యురేట్లు అనే నిద్రమందులు మోతాదు కాస్త మించితే మనిషిని చంపేసేవి. వీటితో ఆ భయం తక్కువ కాబట్టి డాక్టర్లు ఊపిరి పీల్చుకున్నారు. అలవాటు పడే సంగతి లోకానికి గట్టిగా అర్థం కావడానికి మరో పదిహేనేళ్ళు పట్టింది.

టెన్షన్ వల్ల కడుపు పట్టేసే వాళ్ళకి ఈ మూడు కలిసిన మాత్ర రాస్తారు. పని చేస్తుంది కూడా. కానీ మా కౌంటరు దగ్గర దాన్ని నిద్రమాత్ర అనుకుని కొనేవాళ్ళు ఒక్కరూ ఉండరు. గ్యాస్ మాత్ర, అంతే. పైగా అందులోని మిగతా రెండు మందులు పెద్దవాళ్ళకి నోరు ఎండబెడతాయి, మలబద్ధకం చేస్తాయి, మతిమరుపు, తికమక తెస్తాయి.

ప్రీగాబాలిన్ కూడా మత్తు ఇస్తుంది. అలాంటి మందులు ఊపిరిని మందగింపజేసే ఇతర మందులతో కలిస్తే, ముఖ్యంగా ముసలివాళ్ళలో, ప్రమాదమని అమెరికాలో మందుల్ని నియంత్రించే సంస్థ ఎఫ్‌డీఏ 2019లో హెచ్చరించింది. లెవోసెట్రిజిన్ నలుగురిలో చిన్నది, కానీ అదీ ఓ చెయ్యి వేస్తుంది.

నాలుగూ నలుగురు డాక్టర్లు రాసి ఉంటారు. విడివిడిగా చూస్తే ఎవరి తప్పూ ఉండకపోవచ్చు. నాలుగు స్ట్రిప్పులూ ఒకే బల్ల మీద పెట్టి చూసినవాళ్ళు లేరు. మీరు పెట్టారు. రేపు సైకియాట్రిస్టు గారికి చూపించండి. ఒక్క మాట: ఇది చదివి గ్యాస్ మాత్రను కూడా డస్ట్‌బిన్‌లో వెయ్యకండి దయచేసి. అందులోదీ అదే జాతి, దాన్నీ చెప్పినట్టే దించాలి.

---

రిటైర్డ్_హెడ్మాస్టర్ · సోమవారం, రాత్రి 9.30

ఇక్కడ అనవసరంగా భయపెడుతున్నారు. మా అమ్మ ముప్ఫై ఏళ్ళు కాంపోజ్ వేసుకుంది. రోజూ రాత్రి పాలతో ఒకటి. ఎనభై రెండో ఏట వరకూ విష్ణు సహస్రనామం తప్పు లేకుండా చదివేది. వేలమంది వేసుకుంటున్నారు, ఎవరికో ఒకరికి తేడా చేస్తే మందునే తప్పుబట్టడం ఏమిటి?

---

వార్డు_నర్సమ్మ · సోమవారం, రాత్రి 10.10

మాస్టారూ, మీ అమ్మగారి సంగతి నిజమే అయ్యుంటుంది. అలాంటి వాళ్ళను నేనూ చూశాను. అలా కానివాళ్ళను ఎముకల వార్డులో చూశాను. తుంటి విరిగి వచ్చిన ముసలమ్మల్లో దిండు కింద ఈ మాత్ర ఉన్నవాళ్ళు ఎంతమందో.

కాంపోజ్ అంటే డయాజెపామ్. అది ఇరవయ్యేళ్ళ కుర్రాడి ఒంట్లో సగానికి తగ్గడానికి సుమారు 20 గంటలు పడితే, ఎనభయ్యేళ్ళ మనిషిలో 90 గంటల దాకా పడుతుంది. అంటే నిన్నటిది పోకముందే ఇవాళ్టిది, మొన్నటిదీ ఇంకా ఉంది. మాత్ర మారలేదు, మోతాదు మారలేదు, ఒళ్ళు మారింది. నలభైలో పడ్డ మాత్ర డెబ్బైలో పడదు. పెద్దవాళ్ళకు వీలైనంతవరకు ఇవ్వకూడని మందుల జాబితా ఒకటి అమెరికాలో డాక్టర్లు వాడతారు, బీర్స్ జాబితా అంటారు. ఈ కుటుంబం మొత్తం అందులో ఉంది.

---

గుండెదడ · సోమవారం, రాత్రి 11.45

నేను మాస్టారి వైపు కాదు గానీ, అవతలి వైపు నుంచి ఒక మాట. నాకు పానిక్ డిజార్డర్. మూడేళ్ళ క్రితం గుండెపోటు అనుకుని రెండు నెలల్లో నాలుగుసార్లు క్యాజువాలిటీకి పరిగెత్తాను. ప్రతిసారీ ఈసీజీ బాగుంది, ఇంటికెళ్ళు అన్నారు. చివరికి సైకియాట్రిస్టు అసలు మందు వేరేది మొదలుపెట్టి, అది పనిచేయడం మొదలయ్యే దాకా ఈ జాతిదే అయిన క్లోనజెపామ్ ఇచ్చారు. ఆరు వారాలకు దాన్ని తగ్గించి ఆపేశారు. ఏ రోజున ఎంతకు తగ్గించాలో మొదటిరోజే చీటీ మీద రాసిచ్చారు. ఆ ఆరు వారాలూ ఆ మాత్రే నన్ను నిలబెట్టింది.

ఇలాంటి చర్చలు చదివి మా పిన్ని నాకు ఫోన్ చేసి "డ్రగ్స్ వేసుకుంటున్నావట" అని ఏడ్చింది. మాత్రను తిట్టిపోస్తే అవసరమైనవాళ్ళు డాక్టరు దగ్గరికే వెళ్ళరు. ఫిట్స్ ఆపడానికి, మద్యం మానిపించేటప్పుడు, ఆపరేషన్ ముందు, వాడేది కూడా ఈ జాతి మందులే కదా.

---

మూలిక_మహిమ · మంగళవారం, ఉదయం 7.00

ఇంగ్లీషు మందులన్నీ విషాలే. ఇవాళే అన్నీ ఆపేసి జటామాంసి, అశ్వగంధ వాడండి. పదకొండు రోజుల్లో

[ఈ సందేశంలో మిగతా భాగం తొలగించాం. మూలికల గురించి వేరే చర్చ ఉంది, అక్కడ మాట్లాడుకోండి. "అన్నీ ఇవాళే ఆపేయండి" అన్న మాట మాత్రం ఈ చర్చలో ఎవరు రాసినా తీసేస్తాం. మొదటి పోస్టు చదివితే ఎందుకో తెలుస్తుంది. ఫోన్ నంబర్లు పెట్టొద్దని ఇది మూడోసారి చెప్పడం. — నిర్వాహకుడు]

---

పాలమూరు_పిల్లగాడు · మంగళవారం, మధ్యాహ్నం 1.20

చీమలు కనిపించినయ్ అని చదవంగనే మా నాయన యాదికొచ్చిండు. ఆయన జిందగీల ఒక్క నిద్ర గోలీ మింగలేదు. రోజూ పొద్దుగూకితే రెండు సీసాల కల్లు, అంతే. 2020ల లాక్‌డౌన్ పెట్టి కల్లు దుకాణాలు బంద్ చేసినంక మూడో రోజుకు చేతులు గజగజ వణికినయ్. గోడలతోని మాట్లాడిండు. నాలుక కొరుక్కున్నడు. అప్పుడు మా ఊరి నుంచే చాలామందిని దవాఖానలకు తీసుకపోయిన్రు. హైదరాబాద్‌ల ఎర్రగడ్డ మానసిక దవాఖాన ముంగట లైన్లు అప్పుడు టీవీలల్ల చూసే ఉంటరు.

డాక్టర్ చెప్పినంక తెలిసింది. చెట్టు కల్లు అందరికి సరిపోయేంత లేదు. నీళ్ళల్ల చక్కెర, శాకరిన్ కలిపి, మత్తు కోసం ముందు క్లోరల్ హైడ్రేట్, డయాజెపామ్, ఇప్పుడు ఎక్కువగా ఆల్ప్రాజోలం పొడి కలుపుతున్నరు. 2025 జులైల కూకట్‌పల్లి దిక్కు కల్తీకల్లు తాగి జనం సచ్చిపోయిన్రు, అందరికీ ఎరుకే.

లెక్క చూడండి. 0.25 గోలీ అంటే పావు మిల్లీగ్రాము. ఒక్క గ్రాము పొడి అంటే నాలుగు వేల గోలీలు. చెంచాతోని కలిపేటోనికి ఏ సీసాల ఎంత పడ్డదో ఎట్ల తెలుస్తది? తెనాలి అన్న వాళ్ళమ్మకు కనీసం స్ట్రిప్పు మీద ఎంతనో రాసి ఉంది. మా నాయనకు అదీ లేదు.

---

వార్డు_నర్సమ్మ · మంగళవారం, మధ్యాహ్నం 2.45

ఈ పోస్టు పైన పెట్టి మేకు కొట్టాలి. తెలంగాణ వైపు చదివేవాళ్ళు ఒకటి గుర్తుపెట్టుకోండి. ఇంట్లో ఎవరైనా రోజూ కల్లు తాగేవాళ్ళు ఏ ఆపరేషన్‌కైనా ఆసుపత్రిలో చేరితే ఆ మాట డాక్టరుకు, మత్తు డాక్టరుకు ముందే చెప్పండి. సిగ్గుపడి దాస్తారు. మూడో రోజు వార్డులో మంచం దిగి పరిగెడతారు, కుట్లు ఊడతాయి, మనకేమో ఎందుకో తెలియదు.

ఇంకోటి. ఈ మాత్రలు ఒక్కటే వేసుకుంటే ప్రాణం పోవడం అరుదు. కల్లుతోనో, సారాతోనో, మోకాలి నొప్పికి రాసిన ట్రమడాల్‌తోనో, కొడీన్ ఉన్న దగ్గు సిరప్‌తోనో కలిస్తే నిద్రలోనే ఊపిరి ఆగుతుంది. కొడీన్ లాంటి నొప్పి మందులతో ఈ మాత్రలు కలవడం గురించి ఎఫ్‌డీఏ 2016లో పెట్టె కట్టి మరీ హెచ్చరిక పెట్టించింది. గట్టిగా గురకపెట్టి మధ్యలో ఊపిరి ఆగే జబ్బు ఉన్నవాళ్ళు, ఆయాసం ఉన్నవాళ్ళు మరీ జాగ్రత్త.

---

చందమామ_అక్క · మంగళవారం, రాత్రి 8.00

న్యూజెర్సీ నుంచి. నాది జోల్పిడెమ్ కథ. ఇది ఆల్ప్రాజోలం కుటుంబం కాదు, పక్కింటి చుట్టం లాంటిది. నిద్ర కోసమే.

ఓ రోజు మా వదిన ఏలూరు నుంచి ఫోన్ చేసి "నిన్న అంతసేపు మాట్లాడావు, మనసు తేలికపడింది వదినా" అంది. నేను మాట్లాడలేదే! ఫోన్‌లో చూస్తే ఇక్కడి టైము రాత్రి ఒంటి గంటకి యాభై నిమిషాల కాల్ ఉంది. ఏం మాట్లాడానో ఇప్పటికీ తెలియదు, అడగడానికి భయం. కిచెన్‌లో సగం కలిపిన పులిహోర కూడా ఉంది. ఇప్పుడు నవ్వొస్తోంది గానీ, గ్యాస్ స్టౌ మీద పోపు వేసింది కూడా నేనే కదా. కారు తాళాలు కొక్కేనికే వేలాడుతున్నాయి.

డాక్టరుకు చెబితే వెంటనే ఆపించారు. నిద్రలో నడవడం, వండడం, కారు నడపడం లాంటివాటి మీద 2019లో దీనికీ పెట్టె హెచ్చరిక వచ్చింది. ఒక్కసారి అలా జరిగితే మళ్ళీ వేసుకోకూడదు. పైగా ఆడవాళ్ళ ఒంట్లోంచి ఇది నెమ్మదిగా పోతుందని 2013లోనే ఎఫ్‌డీఏ మనకు మొదలుపెట్టే మోతాదును 10 నుంచి 5 ఎంజీకి తగ్గించింది. ఆఫీసుకి పొద్దున కారు నడిపేవాళ్ళు ఆ సంగతి తెలుసుకోండి.

---

రాత్రిబండి · మంగళవారం, రాత్రి 11.10

నేను ఈ దారి మొత్తం నడిచి బయటపడ్డవాణ్ణి. హైదరాబాద్, నైట్ షిఫ్టులు. తలనొప్పికి, దడకు ఎటిజోలామ్, ప్రొప్రనలాల్ కలిసిన మాత్ర రాశారు. మూడేళ్ళు వేసుకున్నాను. అదేదో నరాల మాత్ర అనుకున్నా, ఎటిజోలామ్ కూడా దాదాపు ఆల్ప్రాజోలం లాంటిదే. ఆ ఎటిజోలామ్ అమెరికాలో అసలు అనుమతే లేని మందు అని, 2020లో ఐక్యరాజ్యసమితి దాన్ని నియంత్రిత జాబితాలో చేర్చిందని తర్వాత తెలిసింది.

నాకు తగ్గించడానికి ఏడు నెలలు పట్టింది. మొదటి సగం సులువు. చివరి ముక్క, గోరంత ముక్క, అదే చంపింది. దాని మీదే ఐదు వారాలు ఉన్నా. డాక్టరు ఒకే ఒక్క షరతు పెట్టారు: తగ్గించడం ఆలస్యమైనా సరే, తగ్గించాక మళ్ళీ పెంచుకోవద్దు, ఉన్నచోటే ఆగు, నాకు ఫోన్ చెయ్యి. ఇంగ్లండులో హీథర్ ఆష్టన్ అనే ప్రొఫెసర్ 1982 నుంచి 1994 దాకా న్యూకాజిల్‌లో ఇందుకోసమే క్లినిక్ నడిపారు. నిదానంగా, రోగి తట్టుకునే వేగంతో తగ్గించాలన్నది ఆవిడ పద్ధతి. ఇప్పుడు 2025లో అమెరికాలో వచ్చిన మార్గదర్శకాలు కూడా రెండు నుంచి నాలుగు వారాలకు ఒకసారి 5 నుంచి 10 శాతం తగ్గించడంతో మొదలుపెట్టమంటున్నాయి. ఎంత తొందరైనా రెండు వారాలకు 25 శాతం దాటొద్దట.

నిద్ర విషయంలో నాకు పనికొచ్చింది: ఎంత రాత్రి పడుకున్నా పొద్దున ఒకే టైముకి లేవడం. నిద్ర రాకపోతే మంచం దిగి హాల్లో కూర్చోవడం. మొదటి రెండు వారాలు నరకం. ఆరో వారానికి దారిలో పడ్డాను. ఆ రాత్రుల్లో ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కి రెండుసార్లు ఫోన్ చేశా. డబ్బులక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడారు.

తెనాలి గారూ, మీరు తిరిగి పూణే వెళ్ళిపోతే మాత్రలు ఎవరు చూస్తారో ఇప్పుడే అనుకోండి. అది ఈ మొత్తంలో కష్టమైన ప్రశ్న.

---

కొబ్బరితోట · బుధవారం, ఉదయం 10.30

అందరూ తలో సంగతి చెబుతున్నారు, అమలాపురం నుంచి నాదీ ఒకటి. మా మావయ్యకి ఏళ్ళుగా ఆల్ప్రాజోలం 0.25, ఏ గొడవా లేదు. వర్షాకాలంలో తామర వచ్చింది. షాపులో అడిగితే ఇట్రాకొనజోల్ ఇచ్చారు. నాలుగు రోజులకు మనిషి భోజనం దగ్గరే కంచంలోకి ఒరిగిపోయాడు. పక్షవాతం అనుకుని ఏడుపులు. ఆ తామర మాత్ర ఆల్ప్రాజోలంను ఒంట్లోంచి పోనివ్వదట. 0.25 వేసుకుంటే అంతకు రెట్టింపు వేసుకున్నట్టు. ఆ రెండూ కలపకూడదని మందు కాగితంలోనే ఉంటుందట. ఆ కాగితం చదివినవాడు మా ఇంట్లో ఎవడూ లేడు.

---

మందులకొట్టు · బుధవారం, రాత్రి 9.40

కరెక్ట్. ఆ రెండూ కలపకూడదు. క్లారిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్‌తో కూడా జాగ్రత్త ఉండాలి. తామర మాత్ర చీటీ లేకుండా ఇవ్వడమే తప్పు. మా వృత్తివాళ్ళ తప్పు, ఒప్పుకుంటాను.

ఇందాకటి నుంచి చెబుదామా వద్దా అని ఆలోచిస్తున్నా, చెప్పేస్తాను. ఆల్ప్రాజోలం, డయాజెపామ్, జోల్పిడెమ్ లాంటివి హెచ్‌వన్ షెడ్యూల్‌లో, అంటే చీటీ లేకుండా అమ్మకూడని మందుల జాబితాలో, ఉన్నాయి. 2014 మార్చి 1 నుంచి అమలు. స్ట్రిప్పు మీద ఎర్ర గీతల పెట్టెలో హెచ్చరిక ఉంటుంది. అమ్మినప్పుడల్లా డాక్టరు పేరు, పేషెంటు పేరు, ఎన్ని ఇచ్చామో రిజిస్టర్‌లో రాసి మూడేళ్ళు దాచాలి. పదిహేను రోజుల చీటీకి ఆరేళ్ళు ఇవ్వడం కుదరదు. కానీ ఆ చిరిగిన చీటీలు నా కౌంటరుకీ వస్తాయి. లేదంటే "పక్క షాపులో ఇస్తాడు, నీకేం నొప్పి" అంటారు. నిజంగానే పక్క షాపులో ఇస్తాడు. ఒక పెద్దాయన నా ముందే వణుకుతూ నిలబడ్డాడు ఓసారి. ఇవ్వకపోతే ఫిట్స్ వస్తాయి, ఇస్తే చట్టం. రెండు మాత్రలిచ్చి, ఆయన కొడుక్కి ఫోన్ చేసి, ఆ సాయంత్రమే డాక్టరు దగ్గరికి పంపాను. చట్టం ప్రకారం అదీ తప్పే అనుకోండి.

---

తెనాలి_అబ్బాయి · పదిహేడు రోజుల తర్వాత, శనివారం, సాయంత్రం 6.15

ఆలస్యానికి క్షమించండి. ఇంటికి వచ్చేశాం.

సైకియాట్రిస్టు గారు సంచీ మొత్తం బల్ల మీద బోర్లించి గంటసేపు చూశారు. లెవోసెట్రిజిన్ తీసేశారు. ప్రీగాబాలిన్ సగం చేశారు, షుగర్ డాక్టరుతో మాట్లాడాకే. గ్యాస్ మాత్ర వెంటనే ఆపలేదు, రెండు పూటల నుంచి ఒక పూటకి తెచ్చారు, నెల తర్వాత చూద్దామన్నారు. ఆల్ప్రాజోలం రెండు వారాలు కదిలించలేదు. నిన్నటి నుంచి మొదటి కోత: రోజు మొత్తం ఒక ఎంజీలోంచి 0.125 తగ్గించాం, పగటి మాత్రలోంచి. పది శాతమే తగ్గిద్దామంటే అంత చిన్న ముక్క కొయ్యలేం కదా. నాలుగు వారాలకో ముక్క. ఎనిమిది ముక్కలు. చివర్లో ఇంకా నెమ్మది చేస్తారట.

అమ్మను అడిగాను, పొద్దున మాత్ర ఎందుకు మొదలుపెట్టావని. "పొద్దున లేవగానే దడగా ఉండేదిరా, మీ నాన్న పోయిన రోజులాగా ఉండేది" అంది. డాక్టరుగారు ఆ దడ సగం మాత్ర దిగిపోవడం వల్ల వచ్చేదే అన్నారు. రాత్రి వేసుకున్నది పొద్దుటికి తగ్గిపోతుంటే ఒళ్ళు ఇంకోటి అడుగుతుందట. మిగతా సగం మాత్రం నిజంగా నాన్న కోసమే. దానికి మాత్ర కాదు, మనిషి కావాలన్నారు. వారానికోసారి కౌన్సెలింగ్ రాశారు.

రాత్రిబండి గారి ప్రశ్నకి: నేను మూడు నెలలు ఇంటి నుంచే పని చేసుకునేందుకు ఆఫీసులో ఒప్పించాను. ఆ తర్వాత పిన్ని వస్తుంది.

---

రిటైర్డ్_హెడ్మాస్టర్ · శనివారం, రాత్రి 8.50

సంతోషం బాబూ. మొన్న మా ఆవిడ మందుల డబ్బా నేనూ బల్ల మీద బోర్లించాను. గ్యాస్ మాత్ర వెనక ఆ మూడు పేర్లే ఉన్నాయి. పద్నాలుగేళ్ళుగా వేసుకుంటోంది. ఆపలేదు. సోమవారం డాక్టరుకి చూపిస్తున్నాం.

---

తెనాలి_అబ్బాయి · నాలుగు నెలల తర్వాత, ఆదివారం, ఉదయం 11.00

ఎవరో మెసేజ్‌లో అడిగారు, అందుకని రాస్తున్నాను. ఐదో కోతలో ఉన్నాం, రోజుకి 0.375. గ్యాస్ మాత్ర పోయింది. మూడో కోత అప్పుడు పది రోజులు చాలా చిరాకుపడింది, టీవీ రిమోట్ విసిరింది, డాక్టరుగారు అక్కడే ఇంకో రెండు వారాలు ఆపుదామన్నారు. ఆ తర్వాత బాగానే ఉంది. మళ్ళీ పడలేదు. బాత్రూమ్ దారిలో చిన్న లైటు, గోడకి స్టీలు కడ్డీ పెట్టించాం. రాత్రి నాలుగున్నర, ఐదు గంటలు పడుకుంటోంది. ఇంతకుముందు తొమ్మిది గంటలు పడుకునేది గానీ అది నిద్ర కాదంటుంది అమ్మే.

వచ్చే గురువారం మళ్ళీ చూపించాలి. సంచీ ఈసారి తనే సర్దుకుంది. అందులో నాన్న కళ్ళజోడు పెట్టె కనిపించింది. ఎందుకమ్మా అంటే, కోసిన మాత్ర ముక్కలు అందులో వేసుకుంటోందట.

---

మందులకొట్టు · ఆదివారం, ఉదయం 11.25

కళ్ళజోడు పెట్టెలో వద్దని చెప్పండి, గాలి తగిలి పొడైపోతాయి. ఏ రోజుది ఆ రోజే కొయ్యమనండి, మిగతా సగం స్ట్రిప్పులోనే పెట్టి చిన్న డబ్బాలో మూతపెట్టమనండి. మాత్రలు కోసే చిన్న పెట్టె మెడికల్ షాపుల్లోనే దొరుకుతుంది. బ్లేడుతో మాత్రం కోయనివ్వకండి.